మైదానం నిండా 1600 నీళ్ల ట్యాంకులు ఎందుకు పెట్టారు?

నమస్తే అండీ. ముందు ఈ ఫోటో చూడండి.

[విజువల్: మైదానంలో ట్యాంకు, పక్కన ఆవులు]

పొదలు తప్ప ఇంకేం లేని చోట ఒక ట్యాంకు, పైన సోలార్ ప్యానెల్, యాంటెన్నా. లోపల 12 వేల లీటర్ల స్వచ్ఛమైన నీళ్లు, చిమ్మచీకటి. ఇలాంటివి 1600 పైనే ఉన్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కిలోమీటరున్నర, మొత్తం 3000 చదరపు కిలోమీటర్లు! అర్జెంటీనాలో మలార్గ్వే అనే ఊరి దగ్గరున్న పియెర్ ఓజే అబ్జర్వేటరీ ఇది, కాస్మిక్ కిరణాల్ని పట్టడానికి కట్టింది.

ఇంత జాగా ఎందుకంటే, కాస్మిక్ కిరణాలు అని పేరే గానీ నిజానికి అవి అంతరిక్షం నుంచి వచ్చే కణాలు, మామూలువి మన మీద రోజూ పడుతూనే ఉంటాయి, కానీ అన్నిటికన్నా ఎక్కువ ఎనర్జీ ఉన్నవి చదరపు కిలోమీటరుకి వందేళ్లకి ఒకటి వస్తే గొప్ప. 1991లో అమెరికాలోని యూటాలో ఒకటి దొరికింది. గంటకి 90 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే క్రికెట్ బంతికి ఎంత ఎనర్జీ ఉంటుందో దానికి అంత ఉంది, పరమాణువు కన్నా చిన్న కణానికి! ఎక్కడ పుట్టిందో ఇప్పటికీ తేలలేదు.

వందేళ్లు ఎదురుచూడలేం కదా, అందుకని వల పెద్దది చేశారు. 1992లో జిమ్ క్రోనిన్, అలన్ వాట్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ ఆలోచన మొదలుపెట్టారు, ఏ ఒక్క దేశం వల్లా అయ్యే పని కాదు కాబట్టి చాలా దేశాలు చేతులు కలిపాయి, 2008కి కట్టడం పూర్తయింది.

ఇప్పుడు ట్యాంకు లోపలికి వెళ్దాం. పైనుంచి వచ్చిన కణం గాలిని గుద్దగానే వేల కోట్ల చిన్న కణాలు పుట్టి జల్లులా కిందికి దిగుతాయి. అవి నీళ్లలోకి దూరినప్పుడు నీళ్లలో కాంతి వెళ్లే వేగాన్ని దాటేస్తాయి, అప్పుడు సన్నటి నీలం వెలుగు పుడుతుంది, దాన్ని మూడు ఫోటోట్యూబులు, అంటే కొద్దిపాటి వెలుగుని కూడా గుర్తించే సెన్సర్లు, పట్టేస్తాయి. ఏ ట్యాంకు ముందు వెలిగింది, ఏది తర్వాత అని జీపీఎస్ టైముతో చూసి కణం ఏ వైపు నుంచి వచ్చిందో లెక్క కడతారు. ఇలా ఏళ్ల తరబడి పోగేసిన డేటాతోనే 2017లో, ఈ కణాలు మన పాలపుంత బయటి నుంచి వస్తున్నాయని గట్టి ఆధారం చూపించారు.

కానీ అక్కడి నుంచి ఉత్తరాకాశం మొత్తం కనపడదు. దానికి యూటాలో టెలిస్కోప్ అరే అని ఇలాంటిదే ఇంకో అబ్జర్వేటరీ ఉంది, జపాన్, అమెరికా వాళ్లు ముఖ్యంగా నడిపేది. 2021 మేలో 'అమతెరాసు' అని పేరు పెట్టిన, చాలా ఎక్కువ ఎనర్జీ ఉన్న కణాన్ని పట్టింది వీళ్లే, వెనక్కి లెక్క వేస్తే అది వచ్చిన వైపు గెలాక్సీలు దాదాపు లేని ఖాళీ!

నాకు బాగా నచ్చింది ఇదీ: ఎనర్జీ బాగా పెరిగేసరికి, అలాంటి కణాలు ఎన్ని వస్తున్నాయన్న దాంట్లో ఈ రెండు టీముల లెక్కలు కలవట్లేదు. తేడా ఆకాశంలో ఉందా, మన మెషీన్లలోనా? ఎవరి లెక్క వాళ్లదే రైటని కూర్చోలేదు, ఇద్దరూ కలిసి గ్రూపు పెట్టుకున్నారు, అర్జెంటీనా రకం ట్యాంకుల్ని యూటాలో వాళ్ల డిటెక్టర్ల మధ్యే పెట్టారు. ఒకే జల్లు రెండిటి మీదా పడాలి, ఏది ఎంత చూపిస్తుందో పక్కపక్కన పెట్టి చూడాలి.