పడిపోయిన మాను దగ్గర ఒక పూట

శ్రోతలకు నమస్కారం. నాలుగేళ్ళు, ఐదేళ్ళు, ఆరేళ్ళ పిల్లల్ని అడవి చూపించడానికి తీసుకెళ్ళే అమ్మానాన్నలకు, టీచర్లకు ఈ పూట ఒక మాట చెప్పాలనుంది.

అడవికి వెళ్తున్నామంటే పెద్ద జంతువు ఏదో ఒకటి కనిపించాలని మనకి ఆశ. ఇంతమంది పిల్లలు కబుర్లాడుతూ వస్తుంటే ఏ జింకా అక్కడ నిలబడదు. గంట గడిచేసరికి వాళ్ళకి కాళ్ళ నొప్పులు, మనకి టెన్షన్. నా మాట విని, పడిపోయిన మాను ఒకటి వెతకండి. పాతది, బెరడు ఊడుతున్నది, అడుగున తడి ఆరనిది. దాని చుట్టూ అందరూ కూర్చోండి. నేనైతే ఆ పూటకి అక్కణ్ణించి కదలను.

అక్కడ ఎక్కువగా దొరికేది రోకలిబండ. నాకు చాలా ఇష్టమైన ప్రాణి. తొందరే ఉండదు, కరవదు, కుట్టదు. కదిపితే గుండ్రంగా చుట్టుకుని ఊరుకుంటుంది. మనం కదలకుండా ఉంటే కాసేపటికి మెల్లగా విప్పుకుని మళ్ళీ బయలుదేరుతుంది. నిమిషం కూడా కుదురుగా కూర్చోని పిల్లలు అది విప్పుకునేదాకా ఊపిరి బిగబట్టి చూడటం నేను చూశాను. తర్వాత కాళ్ళు లెక్కపెట్టడం మొదలెడతారు. పది దాటగానే లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటికొస్తారు. 1,306 కాళ్ళున్న రోకలిబండ ఆస్ట్రేలియాలో దొరికిందని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారని చెప్పి చూడండి, వాళ్ళ కళ్ళు ఎంత పెద్దవవుతాయో! ఇంకో విషయం కూడా చెప్పండి. చాలా రకాల రోకలిబండలు గుడ్డులోంచి వచ్చేటప్పుడు వాటికి మూడు జతల కాళ్ళే ఉంటాయి. కుబుసం విడిచి పెరిగే కొద్దీ ఒళ్ళు పొడుగవుతుంది, కొత్త కాళ్ళు వస్తాయి. తామూ పెరుగుతున్న పిల్లలకి ఇది భలే నచ్చుతుంది.

జెర్రి కూడా అక్కడే ఉండొచ్చు. దాన్ని ముట్టుకోనివ్వకండి, అది కరుస్తుంది. తేడా పిల్లలకి తేలిగ్గానే తెలుస్తుంది. మెల్లగా నడిచేది రోకలిబండ, అది కుళ్ళిన ఆకులు తింటుంది. పరిగెత్తేది జెర్రి, అది వేటాడుతుంది.

ఇక మాను సంగతి. చెట్టు చచ్చిపోయింది. కానీ దాని లోపల బూజులు, పుట్టగొడుగులు గట్టి చెక్కని మెత్తబరుస్తుంటాయి. పెంకుపురుగుల పిల్లలు ఆ చెక్కని తొలుచుకుంటూ పెరుగుతాయి. వాటి కోసం వడ్రంగిపిట్ట వస్తుంది. పెద్ద మాను పూర్తిగా మట్టిలో కలవడానికి దశాబ్దాలు పడుతుంది, అన్నాళ్ళూ అది ఎన్నిటికో ఇల్లూ తిండీ. అందుకే అడవిని శుభ్రం చేద్దామని మొద్దులు, ఎండుకొమ్మలు ఏరేయడం చూస్తే నాకు బాధేస్తుంది. ప్లాస్టిక్ ఏరండి, మొద్దు వదిలేయండి. మళ్ళీ చెప్తున్నాను, ప్లాస్టిక్ ఏరండి, మొద్దు వదిలేయండి. అడవిని కాపాడటమంటే ఏమిటని ఐదేళ్ళ పిల్లలు అడిగితే ఈ ఒక్క మాట చాలు.

చివరిగా, మొద్దు ఎలా తిప్పాలో చెప్తాను. పెద్ద మానుని కదపొద్దు. పక్కన పడి ఉన్న చిన్న మొద్దు చూసుకోండి. తిప్పేది పెద్దవాళ్ళే, పిల్లలు మీ వెనక నిలబడాలి. వేళ్ళు అడుగున పెట్టొద్దు, కర్రతో అవతలి అంచు పట్టి మీవైపు దొర్లించండి. అప్పుడు కింద తేలో పామో ఉన్నా అది అవతలికి పోతుంది, మీకూ దానికీ మధ్య మొద్దు అడ్డుంటుంది. అలాంటిదేమీ లేదని చూసుకున్నాకే పిల్లల్ని ముందుకు పిలవండి. కాసేపు చూడనివ్వండి, ఎక్కువసేపు వద్దు, తడి ఆరిపోతే ఆ పురుగులు బతకలేవు. మూసేముందు అడుగున ఉన్నవాటిని ఆకుతో పక్కకి జరిపి, మొద్దుని అదే గుంటలో, ముందు ఎలా ఉందో అలాగే పెట్టండి. జరిపినవి వాటంతటవే కిందికి దూరిపోతాయి. ఆ ఆకు పట్టుకునే పని మాత్రం పిల్లలకే ఇవ్వండి, ఎంత జాగ్రత్తగా చేస్తారో మీరే చూస్తారు.

రోకలిబండ వదిలే ద్రవం కంట్లో పడితే మండుతుంది కాబట్టి పిల్లలు కళ్ళు నులుముకోకముందే చేతులు కడిగించండి. సబ్బు, నీళ్ళు మీ సంచిలోనే ఉంచుకోండి. నమస్కారం.