బోల్టుకి ఏ థ్రెడ్‌లాకర్? రంగు చూసి కొనకండి

నమస్కారం అండి. బెంగళూరు పీణ్యలోని మా షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద కొన్ని బోల్టులు, నాలుగు థ్రెడ్‌లాకర్ సీసాలు పెట్టాను. థ్రెడ్‌లాకర్ అంటే బోల్టు వదులవకుండా దాని థ్రెడ్ల మీద, అంటే చుట్ల మీద, వేసే మందు. వెనకాల ఉన్నది సింగిల్ సిలిండర్ బండి. క్రాష్ గార్డు బోల్టులు ఎన్నిసార్లు బిగించినా వదులైపోతున్నాయని మన తమ్ముడొకడు తెచ్చాడు.

థ్రెడ్‌లాకర్ కొనేటప్పుడు చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, ఉన్నవాటిలో బాగా గట్టిది ఇవ్వు." నేనైతే ఇంకో ప్రశ్న అడుగుతాను. ఈ బోల్టు మళ్లీ విప్పాలా? విప్పాల్సొస్తే అప్పుడు చేతిలో ఏముంటుంది, మామూలు పానానా, హీట్ గన్నా? దీనికి జవాబు దొరికితే సీసా సగం ఎంచుకున్నట్టే.

ఈ నట్టును దగ్గరగా చూడండి. ఎంత గట్టిగా బిగించినా థ్రెడ్లలో ఒకవైపే లోహానికి లోహం ఆనుతుంది, రెండో వైపు సన్నటి సందు మిగిలిపోతుంది. బండి అదిరినప్పుడు బిగించిన భాగాలు అడ్డంగా అటూ ఇటూ జరుగుతాయి. ఆ అడ్డపు కదలికే బోల్టును కొద్దికొద్దిగా తిప్పేస్తుందని గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో చూపించాడు. బోల్టును ఇలా అడ్డంగా అదిరించి చూసే పరీక్షని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మనం ఎంతో నమ్మే స్ప్రింగ్ వాషర్ ఆ పరీక్షలో పెద్దగా నిలబడదు. థ్రెడ్‌లాకర్ చేసే పని ఆ సందును నింపేసి గట్టిపడటం. ఇక జరగడానికి చోటుండదు.

ఇది ఆరితే గట్టిపడే జిగురు కాదు. గాలి తగలకూడదు, లోహం తగలాలి. రెండూ కుదిరితేనే గడ్డకడుతుంది. ఈ మందుతో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 1953లో మొదలుపెట్టిన కంపెనీయే తర్వాత లాక్‌టైట్ అయింది. సీసా ఎప్పుడూ పూర్తిగా నిండి ఉండదు, గమనించారా? షాపువాడు మోసం చేశాడని గొడవ పడకండి. ఆ ఖాళీలో గాలి ఉండాలి, లేకపోతే మందు సీసాలోనే గడ్డకడుతుంది. సీసా మూతిని బోల్టుకి తాకించకూడదు కూడా. లోహపు నలుసు లోపలికి పోతే సీసా మొత్తం పాడవుతుంది.

ఇప్పుడు సీసాలు. లాక్‌టైట్ నంబర్లు చెబుతున్నాను, ఎందుకంటే షాపుల్లో అందరికీ తెలిసినవి అవే. వేరే కంపెనీవైనా ఇదే లెక్కతో చూసుకోవచ్చు. ఊదా రంగు 222, చిన్న స్క్రూలకి. ఎం6 (అంటే 6 మిల్లీమీటర్ల లావు) కంటే చిన్నవాటికి ఇదే. ఎం3 స్క్రూకి ఎర్రది వేస్తే విప్పేటప్పుడు తల తెగి చేతికొస్తుంది, కాండం లోపలే ఉండిపోతుంది. నీలం 243, ఎం6 నుంచి ఎం20 వరకు, మామూలు పానాతో విప్పుకోవచ్చు. బండి పనుల్లో పదింట ఎనిమిదింటికి ఇదే చాలని నా అభిప్రాయం. ఎర్రవి 263, 271 లాంటివి. ఇంజిన్ కేసింగులో దిగిన స్టడ్ (తల లేని బోల్టు) లాగా ఇక విప్పే పని లేని చోటే వాడాలి. ఆకుపచ్చ 290 నీళ్లలా పలచగా ఉంటుంది, ఇప్పటికే బిగించి ఉన్న బోల్టు పక్కన వేస్తే సందులోకి తనంతట తానే పాకుతుంది.

ఇక్కడే జాగ్రత్త. ఆకుపచ్చ అంటే 290 ఒక్కటే కాదు. 270 కూడా ఆకుపచ్చే, కానీ అది ఎర్రదాని బలంతో పట్టేస్తుంది. 638 కూడా ఆకుపచ్చే, అది అసలు బోల్టులకి కాదు, షాఫ్టు మీద బేరింగులు నిలబెట్టడానికి. కాబట్టి రంగు చూడకండి, నంబరు చదవండి.

తర్వాత లోహం సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు, తర్వాత "మందు డూప్లికేట్" అంటారు. ఇనుము, ఇత్తడి, రాగి మీద త్వరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, జింక్ పూత, అల్యూమినియం మీద బద్ధకంగా పడుతుంది. మనకి దొరికే తళతళలాడే బోల్టుల్లో చాలావరకు జింక్ పూతవో స్టెయిన్‌లెస్‌వో. అందుకే నీలంలోనే పాత రకం 242 కన్నా 243 తీసుకోమంటాను. ఇలాంటి లోహాల మీద ప్రైమర్ (మందు త్వరగా పట్టడానికి ముందు కొట్టేది) లేకుండానే పనిచేస్తుంది, బోల్టు మీద పలచటి నూనె పొర ఉన్నా సర్దుకుంటుంది. అలాగని గ్రీజు కారుతున్న బోల్టు మీద వేయకండి. వేరే రకం వాడుతూ రెండు వైపులా స్టెయిన్‌లెస్ అయితే 7649 లాంటి ప్రైమర్ కొట్టుకోండి.

ప్లాస్టిక్ దగ్గరకి మాత్రం రానివ్వకండి. హెడ్‌లైటు, మీటరు కవర్లకు వాడే పాలీకార్బనేట్, ఏబీఎస్ మీద పడితే పగుళ్లు వస్తాయి. అలాంటి చోట నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండే నట్టు) పెట్టుకోండి. ఫెవిక్విక్ వేసి బోల్టు నిలబెట్టేవాళ్లనీ చూశాను. అది పెళుసు, అదురుకీ వేడికీ ఆగదు.

సరే, క్రాష్ గార్డు బోల్టు ఎం8, తరచూ విప్పేది. నీలమే. బాబూ, ఆ 13 నంబరు పానా ఇటివ్వు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోల్టు, నట్టు రెండూ తుడిచాను. నట్టు ఎక్కడ కూర్చుంటుందో ఆ చుట్ల మీద మాత్రమే ఒకట్రెండు చుక్కలు. బోల్టు పొడుగునా పూయడం వృథా. అడుగు మూసి ఉన్న రంధ్రమైతే బోల్టు మీద కాదు, రంధ్రం లోపల అడుగున వేయాలి. లేకపోతే దిగుతున్న బోల్టు ముందున్న గాలి మందునంతా పైకి తోసేస్తుంది. బ్రేకు డిస్కు బోల్టుల సంగతి వేరు, అక్కడ నా మాట కాదు, బండి మాన్యువల్ ఏది చెబితే అది. బిగించాక కాసేపటికే పట్టినట్టు అనిపిస్తుంది. పూర్తి బలానికి 24 గంటలు ఆగండి.

చివరిగా, ఎర్రది వేసిన బోల్టు విప్పాల్సి వస్తే? పానాకి పైపు తగిలించి బలం చూపించకండి, బోల్టు విరుగుతుంది. పెట్రోల్ ట్యాంకు దించి పక్కన పెట్టండి, దగ్గర్లో రబ్బరు సీలు ఉంటే తీసేయండి, కిటికీ తెరవండి. హీట్ గన్‌తో బోల్టును సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చి, వేడి తగ్గకముందే తిప్పాలి. చల్లారితే మళ్లీ పట్టేస్తుంది. చిన్న స్క్రూ అయితే తల మీద సోల్డరింగ్ ఐరన్ ఆనించి ఉంచితే సరిపోతుంది. బయటికొచ్చాక థ్రెడ్లలో అంటుకున్న పాత పొడిని వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకేయండి. ఆ పొడి మళ్లీ పట్టదు, కొత్త చుక్క వేసుకోవాల్సిందే.