రోజుకి రెండు పేజీలు: ఎస్.ఇ. హింటన్ రచనా జీవితం

పదిహేనేళ్ల అమ్మాయి ఒక నవల మొదలుపెట్టింది. అది ఇప్పటికి కోటికి పైగా కాపీలు అమ్ముడుపోయింది. ఆమె పేరు ఎస్.ఇ. హింటన్. అంత చిన్న వయసులో అంత పేరొస్తే ఆ తర్వాత రచయిత పరిస్థితి ఏమవుతుందో చూద్దాం, నాకు ఈవిడ కెరీర్‌లో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది అదే.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, టల్సా ఊరు, 1960ల మధ్యకాలం. స్కూల్లో డబ్బున్న పిల్లలది ఒక గుంపు, లేనివాళ్లది ఇంకో గుంపు, ఒకళ్లంటే ఒకళ్లకి పడదు. ఆమె స్నేహితుడొకడు స్కూలు నుంచి ఇంటికి నడిచి వెళ్తుంటే, వాడి వాలకం నచ్చలేదని పట్టుకుని కొట్టారు. ఆ కోపంతో ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టింది. అప్పట్లో ఆ వయసు పిల్లలకి లైబ్రరీలో దొరికేవి గుర్రాల కథలు, లేదంటే స్కూలు డాన్సు పార్టీకి ఎవరితో వెళ్లాలా అని ఆలోచించే అమ్మాయిల కథలు. తన కళ్ల ముందు జరుగుతున్నది ఏ పుస్తకంలోనూ కనిపించలేదు కాబట్టి తనే రాసుకుంది, మళ్లీ మళ్లీ తిరగరాసింది. అదే ఏడాది స్కూల్లో కథలు రాయడం నేర్పే క్లాసులో ఆమెకి వచ్చింది డి గ్రేడ్!

1967లో 'ది అవుట్‌సైడర్స్' పేరుతో పుస్తకం వచ్చింది. మగపిల్లల కొట్లాటల గురించి ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చులకన చేస్తారేమోనని, సూజన్ అనే పేరు బదులు పొడి అక్షరాలు వేద్దామన్నారు ప్రచురణకర్తలు. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. తీరా చూస్తే, ఎక్కడైతే టీచర్లు క్లాసులో చదివిస్తున్నారో అక్కడ మాత్రం బాగా పోతోంది. టీనేజ్ పిల్లలు తమ గురించి నిజం చెప్పే పుస్తకం కోసం చూస్తున్నారని అలా తెలిసింది. ఇవాళ మనం యంగ్ అడల్ట్ అని పిలుస్తున్న విభాగం నిలదొక్కుకోవడంలో ఈ పుస్తకానిది పెద్ద పాత్ర.

పేరొచ్చింది, టెన్షనూ వచ్చింది. ఈసారి అంతకన్నా బాగా రాయాలి, అందరూ చూస్తున్నారు అన్న భయంతో కొన్నేళ్లపాటు అసలు రాయలేకపోయింది. చిన్నప్పటి నుంచి రాయడమే ఊపిరిగా ఉన్న మనిషి ఆమె. అప్పుడు ఆమె బాయ్‌ఫ్రెండ్ డేవిడ్ ఒక షరతు పెట్టాడు: రోజుకి రెండు పేజీలు రాయకపోతే సాయంత్రం షికారు లేదు. అంతే! రోజూ రెండు పేజీలు, ఒక్కో వాక్యం సరిగ్గా కుదిరేదాకా కూర్చుని రాసి, పక్కన పెట్టేసేది. అలా పోగైన కాగితాలే 1971లో 'దట్ వాజ్ దెన్, దిస్ ఈజ్ నౌ' అయ్యాయి. ఈలోపు డేవిడ్‌తో పెళ్లి కూడా అయిపోయింది. నన్నడిగితే ఆమెని రచయితగా నిలబెట్టింది ఈ రెండో పుస్తకమే. మొదటిది కోపంలో, ఆవేశంలో వచ్చేసింది, రెండోది పట్టుబట్టి రాయాల్సి వచ్చింది.

ఆ తర్వాత కూడా హడావిడి పడలేదు. 1975లో 'రంబుల్ ఫిష్', 1979లో 'టెక్స్', మళ్లీ తొమ్మిదేళ్లకి, 1988లో ఇంకో నవల. కాలిఫోర్నియాలో ఒక స్కూల్ లైబ్రేరియన్, పిల్లల సంతకాలతో సహా, మొదటి నవల 'ది అవుట్‌సైడర్స్'ని సినిమా తీయమని దర్శకుడు కొప్పోలాకి ఉత్తరం రాసింది. ఆయన నిజంగానే టల్సా వచ్చి తీశాడు, 1983లో విడుదలైంది, అందులో నర్సుగా హింటన్ కూడా కాసేపు కనిపిస్తుంది.

కొడుకు పుట్టాక ఆమె దృష్టి ఇంకా చిన్న పిల్లల మీదికి మళ్లింది. 1995లో రెండు పుస్తకాలొచ్చాయి, ఒకదాంట్లో కుక్కపిల్ల మెల్లమెల్లగా ఆడపిల్లగా మారిపోతుంది. వీధి కొట్లాటలు రాసిన చేతి నుంచి ఇలాంటి ముద్దొచ్చే కథ!

ఇక 2024లో ఆ మొదటి నవల ఆధారంగా న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల వీధి బ్రాడ్‌వేలో వేసిన నాటకానికి ఉత్తమ మ్యూజికల్‌గా (పాటలతో సాగే నాటకం) టోనీ అవార్డు వచ్చింది, అమెరికా నాటకరంగంలో అదే పెద్ద అవార్డు. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే మొదటి రెండు పుస్తకాలూ వరసగా ఇచ్చి చదివించండి, ఏది ఎక్కువ నచ్చిందో వాళ్లనే అడిగి కింద కామెంట్‌లో రాయండి.