భయం ఎన్నో నిమిషంలో జారిపోయింది?

శ్రోతలకు నమస్కారం. తక్కువ డబ్బుతో తీసిన సీరియల్ కిల్లర్ హారర్ సినిమా చూసొచ్చిన వాళ్ల మాటలు ఎప్పుడైనా చెవిన పడ్డాయా? "రక్తం కాదది, రంగునీళ్లు" అంటారొకరు. "ఆ అమ్మాయికి నటనే రాదు" అంటారు ఇంకొకరు. "బయటికి పారిపోకుండా మేడమెట్లు ఎక్కుతుందేమిటి, బుద్ధి లేకపోతే సరి" అని మూడో ఆయన. అదే సినిమా చూసిన నాలుగో మనిషి మాత్రం "నేను రాత్రి లైటు ఆర్పలేదండీ" అంటాడు. అందరూ చూసింది ఒకే బొమ్మ. మరి అభిప్రాయాలు ఇంత దూరం ఎందుకు జరిగాయి?

నాకు తోచింది చెబుతాను. భయపడుతున్న ప్రేక్షకుడు తప్పులు వెతకడు. భయం వదిలిన క్షణం నుంచీ వెతకడం మొదలుపెడతాడు. అంటే అతను ఏకరువు పెట్టే తప్పుల్లో చాలావరకు భయం పోయాక కంటబడినవే. భయాన్ని పోగొట్టింది ఏమిటన్నది వేరే లెక్క. అది ఎక్కడో పది నిమిషాల ముందే జరిగి ఉంటుంది. అక్కడే ఉంది అసలు సంగతి.

దీనికి ఒక్క సినిమా కథ చెబుతాను. హాలోవీన్. 1978లో అమెరికాలో వచ్చింది. దర్శకుడు జాన్ కార్పెంటర్, అప్పటికి ముప్పయ్యేళ్ల వాడు. ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు. సినిమాకి అది చిల్లర కిందే లెక్క. ఎంత చిల్లరంటే, హంతకుడి ముసుగు కోసం దుకాణంలో అమ్మే రబ్బరు ముసుగు ఒకటి రెండు డాలర్ల లోపే కొన్నారు. అది స్టార్ ట్రెక్ సీరియల్లో కెప్టెన్ కర్క్ ముఖం. కనుబొమలు, చెంపల మీది జుట్టు పీకేశారు, కళ్ల కన్నాలు పెద్దవి చేశారు, తెల్ల రంగు కొట్టారు. అంతే, ఏ భావమూ లేని ఒక ముఖం తయారైంది.

కథ జరిగేది అక్టోబరు చివర్లో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో. తీసింది వసంతకాలంలో, కాలిఫోర్నియాలో. ఆకు రాలే కాలం చూపించాలి, చెట్లేమో పచ్చగా ఉన్నాయి. ఎండుటాకుల రంగు వేసిన ఆకులు వీధిలో చల్లడం, షాటు అయిపోగానే అవే ఆకులు ఏరి సంచుల్లోకి ఎత్తడం, తర్వాతి షాటుకి మళ్లీ చల్లడం. జాగ్రత్తగా చూస్తే వెనకాల చెట్లన్నీ పచ్చగానే కనిపిస్తాయి. ఒకటి రెండు చోట్ల తాటిజాతి చెట్లు కూడా. ఇల్లినాయ్‌లో అవెక్కడివి! అయినా మొదటిసారి చూసేవాళ్లు చాలామంది వాటిని పట్టించుకోరు. ఎందుకు? భయం ఇంకా పట్టు వదల్లేదు గనక.

కానీ ఆ సినిమాలో కూడా మొదట భయం లేదు! ఇది కార్పెంటరే చెప్పుకున్న సంగతి. సంగీతం, చప్పుళ్లు కలపకముందు ఆయన తన సినిమాని ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ స్టూడియోకి చెందిన ఒక యువ అధికారిణికి వేసి చూపించాడు. ఆమెకి కాస్త కూడా భయం వేయలేదు. సరే, దీన్ని సంగీతంతో గట్టెక్కిస్తానని పట్టుబట్టి, ఆయనే కూర్చుని వాయించాడు. ఆర్నెల్ల తర్వాత ఆమే మళ్లీ కలిసి, సినిమా బ్రహ్మాండంగా ఉందన్నదట. మధ్యలో ఆయన చేసిందల్లా సంగీతం కలపడమే.

ఏమిటా సంగీతం? పియానో మీద చిన్న ముక్క, తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. మన చెవికి చెప్పాలంటే దాని నడక ఇది: తకిట తకిట తకధిమి, తకిట తకిట తకధిమి. మూడు, మూడు, నాలుగు. పది అక్షరాలు. మామూలుగా చెవి నాలుగో, ఎనిమిదో వస్తాయని ఎదురుచూస్తుంది. ఇక్కడ అడుగు వేద్దామనుకున్న చోట నేల ఉండదు. కుదురు దొరకదు. తెర మీద ఒక ఖాళీ వీధి, పట్టపగలు, ఎవరూ లేరు. అయినా వినేవాడికి స్థిమితం ఉండదు.

వెలుగు విషయంలోనూ ఒక మాట చెప్పి తీరాలి. చివర్లో కథానాయిక లారీ ఒక గుమ్మం పక్కన నిలబడి ఏడుస్తుంటుంది. ఆ పాత్ర వేసింది జేమీ లీ కర్టిస్, ఆమెకిదే తొలి సినిమా. లారీ వెనక చీకటి గది. ఆ చీకట్లోంచి తెల్లటి ముసుగు నెమ్మదిగా తేలుతుంది. హంతకుడు కదలడు, కెమెరా కదలదు. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ చేసిందల్లా ఆ ముఖం మీద ఒక చిన్న లైటు పెట్టి, దాన్ని డిమ్మర్‌తో, అంటే వెలుగుని పెంచి తగ్గించే మీటతో, కొద్దికొద్దిగా పెంచడం. చీకట్లోకి వెళ్లినప్పుడు మన కళ్లు అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది చూశారూ, సరిగ్గా అంత నెమ్మదిగా. చూసేవాడికి "వీడు ఇప్పుడు వచ్చాడు" అనిపించదు, "ఇందాకటి నుంచీ ఇక్కడే ఉన్నాడు" అనిపిస్తుంది. దీనికి ఎంత ఖర్చయి ఉంటుంది చెప్పండి!

ఆ సినిమా మీదా అభిప్రాయాలు చీలాయి. సినీ విమర్శకురాలు పాలీన్ కేల్ తీసిపారేశారు. మరో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకి నాలుగు నక్షత్రాలు ఇచ్చారు. అమెరికాలో సుమారు 4 కోట్ల 70 లక్షల డాలర్లు వసూలు చేసింది. 2006లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది. అది అలా ఉంచుదాం.

ఇప్పుడు మన ప్రేక్షకుల ఫిర్యాదుల దగ్గరికి వద్దాం. రక్తం. హాలోవీన్‌లో రక్తం దాదాపు కనిపించదు, అదో తెలివి. చూపించాలంటే మాత్రం ఓపిక కావాలి. సాధారణంగా మొక్కజొన్న సిరప్‌లో ఎర్రటి ఫుడ్ కలర్ కలుపుతారు. ఎరుపు ఒక్కటే వేస్తే లైటు పడగానే గులాబీ రంగుకి తిరుగుతుంది. చుక్క నీలమో, చిటికెడు కోకో పొడో పడితే ముదురుతుంది. చిక్కనైతే చొక్కా మీద జామ్‌లా కూర్చుంటుంది, పలచనైతే నీళ్లలా జారిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ మంది చేసే పొరపాటు వేరే ఉంది. నిజం రక్తం ఆరేకొద్దీ గోధుమరంగుకి, నలుపుకి దిగుతుంది. సిరప్ తళతళలాడుతూనే ఉంటుంది. కథలో నాలుగు గంటలు గడిచినా చొక్కా మీద మరక తాజాగా మెరుస్తుంటే, ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా నమ్మకం సడలుతుంది.

"నటన రాదు" అన్న ఫిర్యాదు సంగతి? ఇక్కడ కాస్త ఆగాలి. నన్నడిగితే ఈ నిందలో సగం నటులకి కాదు, మైకుకి వెయ్యాలి. మైకు కెమెరా మీదే బిగించి, నటులు ఆరేడు అడుగుల దూరంలో మాట్లాడారనుకోండి, మాట కంటే గోడల ప్రతిధ్వనే ఎక్కువ రికార్డవుతుంది. మాట ఎంత బాగా పలికినా అప్పజెప్పినట్టే వినిపిస్తుంది. మైకుని కర్రకి కట్టి, ఫ్రేములో పడకుండా, నోటికి అడుగున్నర, రెండడుగుల దూరంలో పైనుంచి పట్టుకుంటే అదే నటుడు మెరుగ్గా నటించినట్టు అనిపిస్తాడు.

ఇంకోటి. ఒక గదిలో ఇద్దరు మాట్లాడుకునే సీను. ఆమె షాటు తీసినప్పుడు ఫ్రిజ్ నడుస్తోంది. అతని షాటు తీసేసరికి ఆగిపోయింది. ఎడిటింగులో ఆమె, అతను, ఆమె, అతను అని కోసినప్పుడల్లా వెనకాల గుయ్ మంటుంది, ఆగుతుంది, గుయ్ మంటుంది, ఆగుతుంది. చూసేవాడు ఫ్రిజ్ అనుకోడు. "ఏదో అతికించినట్టుంది" అనుకుంటాడు. భయం అక్కడ జారిపోతుంది.

దీనికి మందు పైసా ఖర్చు లేనిది. ముందు ఫ్రిజ్ ఆపాలి. సీను పూర్తయ్యాక ఎవరూ కదలకుండా, లైట్లు ఆర్పకుండా, మైకు తీయకుండా, ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా ఆ గది నిశ్శబ్దాన్నే రికార్డు చేయాలి. మనుషులు ఎందుకు కదలకూడదంటే ఒంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి. లైట్లు సన్నగా మోగుతాయి. అవి పోతే గది స్వరం మారిపోతుంది. ఆ నిమిషం ముక్కని సీను పొడవునా కింద పరిస్తే కోతలు వినపడవు. "అబ్బా, అలిసిపోయాం, పదండి" అని అందరూ మూటాముల్లె సర్దుకునే వేళలో చేయాల్సిన పని ఇది. అందుకే ఎగ్గొడతారు.

హంతకుడు వచ్చే ముందు నిశ్శబ్దం కావాలని మొత్తం శబ్దం తీసేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ప్రేక్షకుడు స్పీకరు పోయిందేమోనని చూస్తాడు. నిశ్శబ్దం వినిపించాలంటే దూరంగా గడియారమో, గాలో ఏదో ఒకటి ఉండాలి.

అంచేత ఈసారి ఇలాంటి సినిమా ఇంట్లో చూసినప్పుడు, మీకు భయం తగ్గిందనిపించిన చోట గడియారం చూసి నిమిషం రాసుకోండి. తర్వాత ఆ చోటికి మూడు నిమిషాలు ముందు నుంచి మళ్లీ చూడండి. ఒకసారి శబ్దం తీసేసి: ఆమె ఎక్కడుంది, తలుపు ఎటుంది, వాడు ఎటునుంచి రావచ్చు, ఇవి తెలుస్తున్నాయా? ఒకసారి కళ్లు మూసుకుని: గది పెద్దదా చిన్నదా, మాట దగ్గరిదా దూరానిదా, వెనక చప్పుడు తెగుతోందా? ఆ తర్వాతే అభిప్రాయం చెప్పండి. "సినిమా బాలేదు" అంటే తీసినవాళ్లకి ఒరిగేదేమీ లేదు. "నలభై రెండో నిమిషంలో వంటింటి తలుపు వేశాక వెనకాల చప్పుడు తెగిపోయింది, అక్కణ్ణుంచి నాకు భయం వెయ్యలేదు" అనండి. వాళ్లు ఆ రాత్రే ఎడిటింగు బల్ల దగ్గరికి పరిగెడతారు.

సెలవు.