పిల్లల్లో టైప్ 1 షుగర్: జన్యువుల వాటా ఎందుకు తగ్గింది?

ఫిన్లాండ్‌లో 1950ల్లో ఏటా లక్ష మంది పిల్లల్లో పన్నెండు మందికో ఎందరికో టైప్ 1 డయాబెటిస్ వచ్చేది. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని నాశనం చేయడం వల్ల వచ్చే షుగర్ ఇది. 2005 నాటికి ఆ సంఖ్య అరవై దాటింది. యాభై ఏళ్లంటే రెండు తరాలు. అంతలో ఒక జనాభా జన్యువులు ఇంతగా మారవు. ఇన్సులిన్ వచ్చాక రోగులు బతికి పిల్లల్ని కన్నారు, అందుకే ఆ జన్యువులు పెరిగాయని కొందరంటారు. అదే నిజమైతే కొత్త రోగుల్లో అధిక ముప్పు జన్యువులున్నవాళ్ల వాటా పెరగాలి. పెరగలేదు సరికదా, తగ్గింది.

ఈ జబ్బుకి జన్యుపరంగా ఉండే ముప్పులో దాదాపు సగం 6వ క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులదే. ఒంటి కణమేదో, పరాయిదేదో రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టడానికి తోడ్పడే జన్యువులివి. వాటిలో డీఆర్3-డీక్యూ2 అనే రకం ఒకరి నుంచి, డీఆర్4-డీక్యూ8 అనే రకం ఇంకొకరి నుంచి, అంటే తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ వచ్చిన బిడ్డకి ముప్పు అందరికంటే ఎక్కువ. అలాంటి పిల్లల్లో సుమారు ఇరవై మందికి ఒకరు 15 ఏళ్లలోపే జబ్బు పడతారు.

బ్రిటన్ పరిశోధకులు 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పోలిక ప్రచురించారు. 1922-46 మధ్య జబ్బు బయటపడి, యాభై ఏళ్లకు పైగా బతికినవాళ్లు 194 మంది ఒక పక్క. 1985-2002 మధ్య బయటపడిన 582 మంది ఇంకో పక్క. ఈ జంట జన్యువులు పాతవాళ్లలో 47 శాతం మందికి ఉంటే, కొత్తవాళ్లలో 35 శాతం మందికే ఉన్నాయి.

‘అయితే ఆ జన్యువుల బలం తగ్గిందన్నమాట’ అనేస్తారు చాలామంది. కాదు. ఊరికే లెక్క కోసం, జబ్బు లక్షకి 10 నుంచి 25కి పెరిగిందనుకుందాం. పదిలో 47 శాతం అంటే 4.7. ఇరవై ఐదులో 35 శాతం అంటే 8.75. అంటే అధిక ముప్పు ఉన్న పిల్లల్లోనూ జబ్బు దాదాపు రెట్టింపైంది. మిగతావాళ్లలో మాత్రం 5.3 నుంచి 16.25కి, మూడు రెట్లు పెరిగింది. ఒకప్పుడు జన్యుబలం చాలక తప్పించుకున్న పిల్లల్ని కూడా ఇప్పుడు పరిసరాలు జబ్బు వైపు నెడుతున్నాయని నా ఉద్దేశం. ఎంటరోవైరస్‌ల (పేగుల్లో పెరిగే ఒక రకం వైరస్‌ల) మీద అనుమానం బలంగా ఉంది గానీ, ఇదొక్కటే కారణమని తేలింది ఏదీ లేదు.

ఇలాంటి పోలికలు చదివేటప్పుడు ముందు వయసు చూడండి. చిన్న వయసులో జబ్బు వచ్చినవాళ్లలో ఈ జంట ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఐదేళ్లవాళ్లని పద్నాలుగేళ్లవాళ్లతో పోలిస్తే లేని మార్పు కనిపిస్తుంది. బ్రిటన్ వాళ్లు వయసు సరిచూసే పోల్చారు. కానీ పాత గుంపులో ఉన్నది యాభై ఏళ్లు బతికి బయటపడ్డవాళ్లు మాత్రమే, చనిపోయినవాళ్ల జన్యువులు లెక్కలోకి రావు. వలసలతో జనాభా కలగలిసినా శాతాలు మారతాయి.

ఇక ఇంట్లో పనికొచ్చే సంగతి. జబ్బు పడిన పిల్లల్లో 85 నుంచి 90 శాతం మందికి తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికీ ఈ జబ్బు ఉండదు. జన్యుపరీక్షలో ముప్పు తక్కువని వచ్చినా అది అభయపత్రం కాదు, ఈ రోజుల్లో మరీ కాదు. దానికంటే ఎక్కువ చెప్పేది రక్తంలోని ఆటోయాంటీబాడీలు, అంటే సొంత ఒంటి మీదే దాడికి తయారయ్యే యాంటీబాడీలు. ఇక్కడ చూసేవి ఇన్సులిన్ మీదా, ఇన్సులిన్ తయారుచేసే కణాల్లోని జీఏడీ, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్-8 అనే ప్రోటీన్ల మీదా తయారయ్యేవి. వీటిలో రెండో అంతకంటే ఎక్కువో ఉన్న పిల్లల్లో పదేళ్లలో దాదాపు 70 శాతం మందికి జబ్బు బయటపడుతుంది. పాజిటివ్ వస్తే మళ్లీ రక్తం తీయించి నిర్ధారించుకోవాలి.

పిల్లాడు పదేపదే మూత్రానికి వెళ్తున్నా, ఆపలేనంత దాహమంటున్నా, బరువు తగ్గుతున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, వేలికొస రక్తంతో గ్లూకోజ్ పరీక్ష ఆ రోజే చేయించండి. ఈ లక్షణాలతో గ్లూకోజ్ డెసీలీటర్‌కి 200 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష మామూలుగా ఉందని ఆగకండి. అది రెండు మూడు నెలల సగటు, జబ్బు వారాల్లో ముదిరిన పిల్లల్లో ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కూడా తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే.