బొమ్మ లేని బొమ్మ

అందరికీ నమస్కారం.

నైరూప్య చిత్రం, అంటే ఏ వస్తువునూ పోల్చి వేయని అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ, ముందు నిలబడ్డ మనిషి నోట మొదట వచ్చే మాట "ఇదేమిటి?" చెట్టా, గుర్రమా, మనిషి ముఖమా? ఏదీ కాదని తేలాక రెండో మాట వస్తుంది: "నాకర్థం కాలేదు." ఈ రెండు మాటల మధ్య కొన్ని క్షణాలున్నాయి. పేరు దొరక్క కన్ను తడుముకునే క్షణాలవి. చిత్రం తన పని మొదలుపెట్టేది అక్కడే. మనమే తొందరపడి దాన్ని ఆపేస్తాం.

తర్వాత నైరూప్య చిత్రాలకు పేరుపడ్డ రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీకి ఇది ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన బొమ్మ ముందు తెలిసొచ్చింది. 1896, మాస్కోలో ఫ్రెంచి చిత్రాల ప్రదర్శన. అప్పటికాయన న్యాయశాస్త్రం చదువుకున్నవాడు. మోనే వేసిన గడ్డివామును చూశాడు గాని, అది గడ్డివామని కేటలాగు చెబితే గాని తెలియలేదు. పోల్చుకోలేకపోయినందుకు మనసు చివుక్కుమంది. ఇంత అస్పష్టంగా వేసే హక్కు చిత్రకారుడికి లేదని కూడా అనుకున్నాడు. అయినా ఆ బొమ్మ వదల్లేదు, అనుకోని వేళల్లో కళ్లముందు తేలుతూనే ఉంది. వస్తువేదో తెలియకుండానే రంగు మనిషిని పట్టుకుందన్నమాట.

తర్వాత్తర్వాత ఆయన రంగులకు స్వభావాలు రాశాడు: పసుపు చూసేవాడి మీదికి వస్తుంది, నీలం వెనక్కి జరుగుతుంది అని. ఇది కొత్తేమీ కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు కరుణకు పావురం రంగు, రౌద్రానికి ఎరుపు, అద్భుతానికి పసుపు ఎప్పుడో చెప్పాడు. కాని చిత్రం విషయంలో ఇలాంటి పట్టికల మీద నాకు నమ్మకం తక్కువ. రంగస్థలం మీద సరే, నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ముందే ఒప్పందం ఉంది. కాన్వాసు మీద ఎరుపంటే కోపం అని చదువుకోవడం మొదలుపెడితే అది సంకేతం అవుతుంది, అనుభూతి కాదు. ఏ ఎరుపు, ఎంత మేర, ఎంత పలచగా, దాని పక్కన ఏముంది అన్నవే అసలు సంగతులు.

అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో దగ్గర కాసేపు ఆగుదాం. ఆయన పేరు వినగానే గుర్తొచ్చే చిత్రాల్లో ఉండేదంతా ఒక నిలువు కాన్వాసు, దాని మీద రెండో మూడో దీర్ఘచతురస్రాలు. రంగును బాగా పలచన చేసి పొర మీద పొర వేసేవాడు. అడుగు పొర పై పొరలోంచి తొంగిచూస్తుంటుంది. అంచులు చూడండి. గీత గట్టిగా ఉంటే కన్ను "ఇది ఇక్కడితో అయిపోయింది" అని తేల్చేసుకుని ముందుకు పోతుంది. రోత్కో అంచు తేల్చుకోనివ్వదు. ఆకారం ముందుకొస్తోందో వెనక్కి పోతోందో తెలియదు. చూసిన కొద్దీ కదిలినట్టుంటుంది. ఆ నిలకడలేనితనాన్నే మన శరీరం దిగులుగానో, ఏదో ఆశగానో తీసుకుంటుందని నా అభిప్రాయం.

పరిమాణం కూడా లెక్కచూసి పెట్టిందే. పెద్ద కాన్వాసు గొప్ప కోసం కాదు, మనిషికి చేరువ కావడానికే అనేవాడు. ఒకటిన్నర అడుగుల దూరంలో నిలబడి చూడమనేవాడు. అంత దగ్గర నిలబడితే చట్రం కనపడదు, చుట్టూ రంగే. 1958లో న్యూయార్కులోని ఓ ఖరీదైన రెస్టారెంటు గోడలకు చిత్రాలు వేయడానికి ఒప్పుకున్నాడు. ముదురు ఎరుపులు, నలుపులు వేశాడు. తీరా అక్కడ భోంచేసి వచ్చాక డబ్బు తిరిగిచ్చేసి చిత్రాలను తనే ఉంచుకున్నాడు. వాటిలో తొమ్మిది ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియానివి.

రంగొక్కటే కాదు, చెయ్యి నడిచిన వేగం కూడా మనకు చేరుతుంది. మరో అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ కాన్వాసును నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగు ధారలు పోశాడు. ఆ ధార వెంట చూపు కూడా పరుగెడుతుంది. చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ అందుకు పూర్తిగా ఎదురు. ఆరడుగుల చదరపు కాన్వాసు మీద పెన్సిలు గీతలు, గళ్లు. దూరం నుంచి మంచులా ఉంటుంది. దగ్గరికెళితే బట్ట నేతకు తగులుకుని ప్రతి గీతా సన్నగా వణుకుతుంటుంది. మన ఊపిరి నెమ్మదిస్తుంది. ఆమెదే నాకు ఎక్కువ ఇష్టం, అడగలేదు గాని చెబుతున్నాను.

"మా పిల్లాడూ వేస్తాడు" అనేవాళ్లు ఉండనే ఉంటారు. 2011లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. పేరున్న నైరూప్య చిత్రకారుల బొమ్మలను పిల్లలూ జంతువులూ వేసినవాటి పక్కన పెట్టి ఏది మెరుగని అడిగారు. కళ చదవనివాళ్లు సైతం యాదృచ్ఛికంగా జరిగేదానికంటే ఎక్కువసార్లు చిత్రకారుడి పనినే ఎంచుకున్నారు. ఎవరు వేశారో చెప్పే చీట్లు తారుమారు చేసినా అంతే. తేడా భారీగా లేదు, కాని ఉంది.

అలాగని చిత్రకారుడి గుండెలోది ఉన్నదున్నట్టు మన గుండెలోకి దిగుతుందని నేననను. 1970 ఫిబ్రవరిలో రోత్కో ఆత్మహత్య చేసుకున్నాడు. చివరి ఏడాది వేసిన నలుపు, బూడిదరంగు చిత్రాలను అప్పట్నుంచీ చాలామంది మరణవాంగ్మూలంలా చదువుతున్నారు. అది జీవితచరిత్రను చూడడమే, చిత్రాన్ని కాదు. ఆ చిత్రాలకు చుట్టూ టేపు అంటించి తీసిన తెల్లని అంచు ఉంటుంది. అది మనల్ని లోపలికి రానివ్వక బయటే నిలబెడుతుంది. పాత చిత్రాలు చేసినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. వాటి ముందు కొందరికి దుఃఖం కలగవచ్చు, కొందరికి ఏ ఒత్తిడీ లేని నిమ్మళం కలగవచ్చు. ఇద్దరూ చూసింది ఆ అంచునే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.