క్లోరిన్ నీళ్లలో టీకా కలిపితే

రైతు సోదరులకు, షెడ్డు పనిలో సగానికి పైగా మోస్తున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం.

తణుకు, రావులపాలెం చుట్టుపక్కల బ్రాయిలర్ షెడ్లలో టీకా ఏ రోజు వేయాలని అడిగితే తడుముకోకుండా చెబుతారు: కొక్కెర తెగులుకు మొదటి వారం, గంబోరో అనే మరో వైరస్ తెగులుకు రెండో వారం. ఎలా వేయాలి, ఎందుకలా అని అడిగితే మాత్రం “అది సూపర్‌వైజర్ గారు చూసుకుంటారండీ” అంటారు. కంపెనీ కోడిపిల్లలను ఇస్తుంది, మేత ఇస్తుంది, మందులిస్తుంది. కారణాలు చెప్పే తీరిక దానికి ఉండదు. మనం నష్టపోయేది అక్కడే.

టీకా సీసాలో ఉన్నది బలం తగ్గించిన బతికున్న వైరస్. ట్యాంకులో మీరు కలిపే బ్లీచింగ్ పౌడర్‌కు తెగులు వైరస్ ఏదో, టీకా వైరస్ ఏదో తెలియదు, రెండింటినీ చంపుతుంది. అందుకని కనీసం ఒక రోజు ముందే క్లోరిన్ ఆపాలి. డ్రింకర్లను సబ్బు పెట్టకుండా కడగాలి. గంటో గంటన్నరో నీళ్లు ఆపి, పిల్లలు దాహం మీద ఉన్నప్పుడు ఇవ్వాలి. చల్లటి నీళ్లలో ముందు వెన్న తీసిన పాలపొడి, ఆ తర్వాతే టీకా. పాలపొడి పిల్లల బలానికని చాలామంది అనుకుంటారు. నీళ్లలో మిగిలిపోయిన క్లోరిన్‌ను విరిచేయడం దాని పని. టీకా నీళ్లు రెండు గంటల్లో అయిపోవాలి. నీలి రంగు కలిపి ఉంటే, నాలుగు పిల్లల నోరు తెరిచి చూడండి. నాలుక నీలంగా లేని పిల్ల తాగనట్టే.

వెచ్చదనమిచ్చే బ్రూడర్ కింద పిల్లలు గుమిగూడితే చలి అని, అంచులకు పోతే వేడి అని మీకు నేను చెప్పనక్కర్లేదు. షెడ్డు నేల మీద పరిచే ఊక సంగతి చెప్పాలి. ఇన్ని రైసు మిల్లులున్న డెల్టాలో ఊకకు కొదవ లేదు, ముసురు రోజుల్లో పొడి ఊకకే కొదవ. బూజు పట్టిన ఊక పరిస్తే ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. దాని మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. షెడ్డులో గుప్పెడు ఊక పిసికి వదలండి. ముద్దగా నిలిచిందంటే తడి ఎక్కువైనట్టు. జల్లుకు భయపడి పరదాలు పూర్తిగా మూసేస్తే అమ్మోనియా పేరుకుంటుంది. లోపలికి వెళ్లగానే మీ కళ్లే మండితే, ఊకకు ముక్కు ఆనించి బతికే పిల్ల గతి ఏమిటి?

ఇంకొకటి, కాస్త కటువుగానే చెబుతాను. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలడం చూశాం. అయినా చచ్చిన కోడిని కాలువలో పడేసేవాళ్లున్నారు. ఆ నీళ్లే దిగువ షెడ్డుకు చేరతాయి. గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చచ్చిపోతే మాత్రం వాటిని ముట్టుకోకుండా పశువైద్యుడికి ఫోను చేయండి.

ఇక మీరు అడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే మొగల్తూరు, నరసాపురం వైపు రైతులు ముందు మాట్లాడితే బాగుంటుంది.